అంచున వేలంత ఖాళీ

మూడో అంతస్తు, బాల్కనీ పక్క గది
మార్చి 3

అమ్మడూ, పిచ్చుకా,

కాగితం ముందు పెట్టుకుని రెండు రోజులైంది. రాసిందల్లా తిట్లే అవుతుంటే చింపేస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా మామయ్యా అంటావు. ఫోన్‌లో నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను అరిచేది వీధి చివరిదాకా వినపడుతుంది. అందుకే ఈ ఉత్తరం.

మొన్న నా పుట్టినరోజని కోడలు ఒక కాక్టస్ తెచ్చింది. గుప్పెడంత కుండీ, అందులో గుండ్రటి మొక్క, దాని నెత్తిన గులాబీరంగు పువ్వు. "చూశారా మామయ్యగారూ, నీళ్ళు చల్లితే ముడుచుకుంటుంది, ఎండలో పెడితే విచ్చుకుంటుంది" అని మురిసిపోయింది. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. ఆ పువ్వు దానిది కాదే! వేరే మొక్కది, కాగితంలా గలగలలాడే ఎండుపువ్వు. చచ్చిన తర్వాత కూడా తడికి ముడుచుకుని పొడికి విచ్చుకునే రకం, నీకు తెలిసిందే. దాన్ని తెచ్చి వేడి జిగురుతో బతికున్న మొక్క నెత్తిన అంటించారు. కుండీ మీద గులకరాళ్ళున్నాయి. వేలితో కదిపితే కదలవు. వాటినీ జిగురుపోసి ఒకే పెంకు చేశారు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు పార్కులో పనిచేశాను. కుళ్ళిన వేళ్ళు చేత్తో తీశాను, పిండినల్లిని గోటితో నలిపాను, చేపల చెత్త కలిపిన ఎరువులో మోచేతులదాకా దిగాను. ఎన్నడూ రాని అసహ్యం శుభ్రంగా ఉన్న ఈ మొక్కను చూస్తే వచ్చింది. ఎవడు చేస్తాడే ఇలాంటి పని? వాడికి ఇల్లూ వాకిలీ ఉంటాయా? సాయంత్రం ఇంటికెళ్ళి ఆ చేత్తోనే భోజనం చేస్తాడా?

సరే, అసలు సంగతి. పంపుహౌస్ పక్కన నా లిల్లీ మడి ఉంది కదా, రిటైరైనా నన్నే చూసుకోనిచ్చారు. జూన్ ఆఖరుకి అక్కడ బండలు పరిచి బల్లలు వేస్తారట. అందులోని పాత లిల్లీ దుబ్బును, అదే మన ముసలిదాన్ని, తవ్వి ఎవరికో అప్పగించాలి. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది నాటిన దుబ్బు అది. నా తర్వాత దాని మొహం చూసేవాళ్ళెవరా అని ఆలోచిస్తే నీ పేరు తప్ప తోచలేదు. మన కుటుంబంలో మొక్కను మొక్కలా చూసేది నువ్వొక్కదానివే. నీ గేటు ముందు చోటుందా? రాయి.

మంట ఇంకా తగ్గని
మామయ్య

—

షెడ్డు వెనక వీధి, మేడ మీది గది
మార్చి 12

మామయ్యకు,

మీ ఉత్తరం చదివి అమ్మకు వినిపించాను. "మీ మామయ్య మారడు" అని నవ్వింది. మోకాలి నొప్పి ఎలా ఉంది? మూడంతస్తులు రోజుకి ఒక్కసారే దిగుతున్నారా, లేక కోడలు చూడకుండా రెండుసార్లా?

ముసలిదాన్ని నాకిస్తానన్నారు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్తే నవ్వుతారు. ఇంటాయనను అడిగి గేటు ముందు చోటు తీసుకున్నాను. ఆదివారం గునపంతో రెండడుగుల లోతు తవ్వాను. మట్టి బంకగా ఉంది, ఇసుకా ఆకుల ఎరువూ కలుపుతున్నాను. పొద్దుటి ఎండ పడుతుంది, మధ్యాహ్నం మేడ నీడ వస్తుంది. మీరు చెప్పినట్టే గుంట నింపి నీళ్ళు పోసి ఎంతసేపటికి ఇంకుతాయో చూశాను. బాగానే ఇంకాయి.

ఇక్కడ మొక్కల షెడ్డులో ఎప్పటిలాగే ప్రవర్ధనం విభాగంలో పని. కొమ్మలు కత్తిరించడం, నాటడం, కొత్తేం లేదు.

ఆ కాక్టస్ గురించి అంత బాధపడకండి. అంటించేవాళ్ళకు మాత్రం ఏం తెలుసు? పని చెప్తారు, చేస్తారు. కోపంలో ఆ పువ్వు పీకేయకండి, చర్మం ఊడొస్తుంది. వేడినీళ్ళలో ముంచిన సూదిని జిగురుకీ ముల్లుకీ మధ్య దూర్చి మెల్లగా కదపాలి.

మీ
పిచ్చుక

—

బాల్కనీ పక్క గది
మార్చి 21

పిచ్చుకా,

సూది ఉపాయం బాగుంది. చాలా బాగుంది. కొమ్మలు నాటుకునే మనిషికి ఆ జిగురు ఎలా ఊడుతుందో ఇంత కచ్చితంగా ఎలా తెలిసిందా అని రెండు రోజులు ఆలోచించాను.

కోడలితో పేచీ పెట్టుకుని ఆ కాక్టస్ కొన్న దుకాణానికి వెళ్ళాను. ఒక పక్క సబ్బులు, ఒక పక్క చెప్పులు, మధ్యలో అరల మీద మొక్కలు. ఛీ, ఏం చెప్పమంటావు! దళసరి ఆకుల మొక్కలకు వెండిరంగు స్ప్రే కొట్టి మెరుపుపొడి చల్లారు. ఆకు ఊపిరి తీసుకునే చోటే లేదు. ఆర్కిడ్ కాడకు సూదివేసి సిరా ఎక్కించారు, నీలంగా పూసింది. వచ్చే ఏడు తెల్లగా పూస్తే కొన్నవాడు తన పెంపకాన్నే తిట్టుకుంటాడు. ఒక కుండీ ఎత్తి వాసన చూశాను. రాళ్ళ పెంకు కింద నీళ్ళు నిలవుండి డ్రైనేజీ కంపు కొట్టింది. నేను మొహం పెట్టిన తీరు చూసి దుకాణం అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది.

ఆ కుర్చీలోనే కూచుని పువ్వులంటించిన కాక్టస్‌లు ఇరవై ఒకటీ తిప్పి తిప్పి చూశాను. పద్నాలుగింటికి జిగురు చర్మం మీదే పోశారు. చుట్టూ గోధుమరంగులో కాలింది, రాళ్ళు అంచుదాకా అతుక్కున్నాయి. మిగిలిన ఏడూ వేరు. జిగురు ముళ్ళ కొసలకే ఉంది, చర్మానికి తగలలేదు. మొలిచే నడినెత్తిని వదిలి పువ్వును పక్కకు పెట్టారు. కుండీ అంచున ఒకచోట వేలు దూరేంత మేర రాళ్ళు లేవు. ఇంటికొచ్చి నా దాన్ని చూశాను. దానికీ ఉంది ఆ వేలంత ఖాళీ.

ఆ పద్నాలుగూ చేసినవాళ్ళు మూర్ఖులు. ఈ ఏడూ చేసినవాళ్ళకు ఎవరో పని నేర్పారు. నేర్చుకుని కూడా ఈ పాడుపని చేస్తున్నారంటే నాకు వాళ్ళమీదే ఎక్కువ రోత పుడుతోంది.

మొక్కల సంఘం సెక్రటరీ ముసలిదాని కోసం రెండుసార్లు వచ్చాడు. నీ జవాబు చూశాకే అతనికి మాటిస్తాను. నీ బల్ల మీద ఏమేముంటాయో వరసగా రాయి.

మామయ్య

—

మేడ మీది గది
ఏప్రిల్ 2

మామయ్యకు,

బల్ల మీద కత్తి, ఇసుక ట్రేలు, కొమ్మల కట్టలు, చీటీలు ఉంటాయి. ఎందుకు అడిగారో అర్థం కాలేదు. సీజను కావడంతో ఊపిరి సలపడం లేదు, అందుకే పొడవుగా రాయలేకపోతున్నాను. మడి సిద్ధంగా ఉంది. ముసలిదాన్ని సెక్రటరీగారికి ఇచ్చేయరు కదా?

పిచ్చుక

—

బాల్కనీ పక్క గది
ఏప్రిల్ 9

ప్రవర్ధనం విభాగం వారికి,

తమరి లేఖ అందింది. అంత బాగా నీళ్ళు నమిలినందుకు అభినందనలు.

తమకు ఒక సంగతి మనవి చేయాలి. కుండీ ఏదైనా, మొక్క ఏదైనా, పైన రాళ్ళు పరిచినా పొట్టు పరిచినా, చీటీ గుచ్చిన చోటికి సరిగ్గా ఎదురుగా అంచున వేలంత ఖాళీ వదలాలని నా పట్టు. వేలు పెట్టి తడి చూడ్డానికి అది చోటు. పుస్తకాల్లో లేదు, నేను పెట్టుకున్న పద్ధతి. ఇన్నేళ్ళ సర్వీసులో అది ఇద్దరికే అబ్బింది. ఒకడు మా పాత మాలీ, పోయి ఆరేళ్ళయింది. అతను పైనుంచి వచ్చి కాక్టస్‌లకు పువ్వులు అంటించడు కదా.

అవునా, కాదా? ఒక్క ముక్కలో చెప్పండి. ప్రవర్ధనమని నాలుగేళ్ళుగా నాకు రాస్తూ వచ్చారు. నేను పార్కుకు వచ్చే ప్రతివాడితో "మా మేనకోడలు మొక్కల్ని పుట్టిస్తుంది" అని చెప్పుకుంటూ తిరిగాను.

ఇట్లు,
ఒక ముసలి వెర్రివాడు

—

మేడ మీది గది
ఏప్రిల్ 17

మామయ్యా,

అవును. నేనే.

ప్రవర్ధనంలోకే చేరాను, అది అబద్ధం కాదు. ఏడాది తిరక్కుండా ఆ విభాగం ఎత్తేశారు. ఇప్పుడు వేళ్ళొచ్చిన మొక్కలే లారీల్లో దిగుతాయి. "అంటించే బల్ల దగ్గర చోటుంది, కూచుంటావా వెళ్తావా" అన్నాడు మేనేజరు. కూచున్నాను. గత్యంతరం లేదని ఏడవను. చేతిలో పని వదులుకోవాలనిపించలేదు, అంతే.

బల్ల మీద ఏముంటాయో ఇప్పుడు వరసగా రాస్తాను. ఎడమవైపు కాక్టస్‌ల ట్రే. కుడివైపు ఎండుపూల డబ్బా, రంగు రంగుకూ ఒకటి. మధ్యలో గ్లూ గన్. రోజుకి మూడు వందల అరవై నెత్తులు. మొదటిరోజు ఆ కాలిన జిగురు వాసనకు వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాను. రెండో వారానికి అలవాటైపోయింది, ఆ అలవాటు కావడమే నాకు ఎక్కువ అసహ్యం. బుధవారాలు ఆర్కిడ్‌లకు సిరా ఎక్కించాలి. గోళ్ళ కింద నీలం గురువారానికి ఆకుపచ్చగా మారి ఆదివారానికి గానీ పోదు. ఆ చేత్తోనే భోజనం చేస్తాడా అని అడిగారు కదా. చెయ్యను. మూడేళ్ళుగా స్పూనుతో తింటున్నాను. అమ్మ ఎందుకని అడిగితే ఫ్యాషనని చెప్పాను.

అంచున ఖాళీ వదిలినందుకు రెండుసార్లు చీవాట్లు తిన్నాను. రాళ్ళు అంచుదాకా లేకపోతే చవగ్గా కనపడుతుందట. అయినా మానలేదు. మీ దుకాణంలోని ఆ ఏడూ నావే.

నేర్చుకుని కూడా ఈ పాడుపని చేస్తున్నారని రోత పడ్డారు. ఇది ఎక్కడ నేర్చుకున్నానో చెప్తే ఒంటికాలి మీద లేస్తారు. లేవండి.

పదకొండేళ్ళ కింద, నేను మీ దగ్గర కూలీగా చేరిన మొదటి ఏడాది, పార్కు చూడ్డానికి పెద్ద అధికారి వస్తున్నాడన్నారు. ఆ సీజన్లో మీరు ముసలిదాన్ని తవ్వి, పిలకలు విడదీసి మళ్ళీ నాటారు, అలా చేసిన ఏడాది అది పూయదు. మడిలో ఆకులు తప్ప ఒక్క మొగ్గ లేదు. తెల్లవారగానే మీరు తడిగోనెలో నాలుగు కట్టల లిల్లీలు తెచ్చారు, మార్కెట్లో కోసి అమ్మే పూలు. గేటుకు తాళం వేశారు. ఇద్దరం వంగి మడి నిండా గుచ్చాం. "వీటికి వేళ్ళు లేవు కదా మామయ్యా" అన్నాను. "సాయంత్రందాకా నిలబడితే చాలే. ముసలిదాని మొలిచే కళ్ళకు తగలకుండా చూసి గుచ్చు. మోసం మనుషులకే, మొక్కకి కాదు" అన్నారు.

ఆ మాట నేను మరిచిపోలేదు. అందుకే జిగురు ముళ్ళకే రాస్తాను.

అధికారి ఆ పూల పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. మీకు ఉత్తమ పూలమడి ఫలకం ఇచ్చారు. రెండు రోజుల తర్వాత ఆ కాడలన్నీ కుళ్ళి చీమిడిలా జారుతుంటే పీకి పారేసింది నేను. ఆ కంపు సబ్బుతో పోలేదు. మీరు ఆ ఫలకం కిందే బల్ల వేసుకుని కూచుని నా మీద అసహ్యంతో ఉత్తరాలు రాస్తున్నారు.

ముసలిదాన్ని సెక్రటరీగారికే ఇవ్వండి. గుంట పూడ్చేస్తాను.

పిచ్చుక

—

బాల్కనీ పక్క గది
జూన్ 10

పిచ్చుకా,

నీ ఉత్తరం చదవగానే రెండు ముక్కలు చేశాను. మర్నాడు టేపు పెట్టి అతికించాను. అంటించే పని నాకూ వచ్చని అప్పుడు తెలిసింది.

మరిచిపోయానని రాద్దామనుకున్నాను, అలా రాసిన కాగితం కూడా ఒకటి ఉంది. అది అబద్ధం. మరిచిపోలేదు. నువ్వు మరిచిపోయి ఉంటావని నమ్మాను. ఇంటికెవరొచ్చినా కోడలు ఆ ఫలకం చూపిస్తుంది, నేను దాని కథ చెప్తాను. పదకొండేళ్ళుగా చెప్తున్నాను. ప్రతిసారీ పూల సంఖ్య పెరిగేది. ఈ మధ్య ఆరు వందలదాకా వచ్చింది.

సెక్రటరీ మళ్ళీ వచ్చాడు. "తవ్వి నాటాక ఈ ఏడాది పూయదు, మీకు పర్వాలేదా" అని అడిగాను. "అదేముందండీ, పక్కన పూసిన కుండీలు నాలుగు దించేస్తాం, చూసేవాళ్ళకు తేడా తెలియదు" అన్నాడు నవ్వుతూ. అచ్చం నా గొంతే విన్నట్టయింది. టీ కూడా ఇవ్వకుండా పంపించాను.

పోయిన ఆదివారం వాచ్‌మన్ సాయంతో ముసలిదాన్ని తవ్వాను. ఎలా చెప్పను? బయట చుట్టూ పచ్చగా ఉంది, పూలు కూడా పూసింది. గునపం వేసి ఎత్తితే నడుమంతా గుల్ల. నల్లటి ముద్ద, చేత్తో పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారింది, అందులో తెల్లపురుగులు. వాచ్‌మన్ ముక్కు మూసుకుని దూరం జరిగాడు. నేను జరగలేదు. ఆ కంపు నాదే.

నీకు చెప్పాల్సిన పని లేదు, ఇలాంటి దుబ్బును నాలుగైదేళ్ళకోసారి విడదీయకపోతే నడుమ కుళ్ళుతుంది. పార్కులో చేరిన ప్రతి కుర్రకుంకకూ ఈ పాఠం చెప్పినవాణ్ణి నేను. ఆ ఫలకం వచ్చాక మాత్రం మళ్ళీ ముసలిదాన్ని విడదీయలేదు. విడదీస్తే ఆ ఏడాది మడి బోసిగా ఉంటుంది. ఫలకం వచ్చిన మడి బోసిగా ఉంటే జనం ఏమంటారు? అందుకని పదకొండేళ్ళు దాన్ని అలాగే పూయించాను. మోసం మొక్కకి కాదన్నాను చూడు, అది కూడా అబద్ధమే అయింది. ఆ రోజు ఆ అధికారితో "ఈ ఏడాది పూయవండీ" అని ఉంటే సరిపోయేది. నోరు రాలేదు. సిగ్గేస్తోందే అమ్మడూ, నీకు రాయాల్సి వచ్చినందుకు కాదు, నీతో గుచ్చించినందుకు.

ఫలకం దించేశాను. కోడలు అడిగితే నిజం చెప్పాను. ఆవిడ గోడకు మిగిలిన మేకును చూసింది. తర్వాత, "ఆ మేకుకు నా గొడుగు తగిలించుకోవచ్చా" అంది.

కుళ్ళంతా బొరిగతో గీకితే మూడు పిలకలు మంచివి దక్కాయి. తడి నాచులో చుట్టి పంపుతున్నాను. మూడూ నీకే. గుంట పూడ్చేసి ఉంటే మళ్ళీ తవ్వు.

నీ సూదితో కాక్టస్ పువ్వు ఊడదీశాను. పదకొండు రోజులు పట్టింది. ముళ్ళు నాలుగు విరిగాయి, చర్మానికి గాయం లేదు. దానికి నిన్ను మెచ్చుకోవాలో తిట్టాలో తేల్చుకోలేక మానేశాను. నీ పని మీద నాకు అసహ్యం పోలేదు, పోదు. ఆ పని మాను అని చెప్పే మొహం మాత్రం నాకు లేదు.

మామయ్య

—

మేడ మీది గది
ఆగస్టు 1

మామయ్యకు,

పిలకలు క్షేమంగా అందాయి. గుంట పూడ్చలేదు. కోపంలో రాశానే గానీ పార ముట్టుకోలేదు.

మూడింటినీ జానెడు దూరంలో నాటాను. ఒకటి వాడిపోయింది. ఆకులు పసుపెక్కగానే తవ్వి చూశాను, కింద మెత్తగా ఉంది. తీసేశాను. మిగిలిన రెండూ కొత్త ఆకు వేశాయి, మూడేసి అంగుళాలుంటాయి. అమ్మ రోజూ మేడ మీంచి చూసి "మీ మామయ్య ముసలిది లేచిందా" అని అడుగుతోంది.

పని మానలేదు. బల్ల మార్పించుకున్నాను. ఇప్పుడు దిగిన మొక్కల్లో చచ్చినవాటిని ఏరి పడేస్తాను, చీడపట్టినవాటిని కడుగుతాను. అది తక్కువ పని అని అందరూ జాలిపడుతున్నారు. రోజంతా పిండినల్లి, బంక, కుళ్ళు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని చేత్తోనే భోజనం చేస్తున్నాను. కానీ ఒకటి మింగుడుపడడం లేదు మామయ్యా. నా పాత బల్ల దగ్గర కొత్తగా చేరిన ఆవిడ జిగురు చర్మం మీదే పోస్తోంది, రాళ్ళు అంచుదాకా పరుస్తోంది. మేనేజరు ఆవిణ్ణి మెచ్చుకున్నాడు. నేను లేచినందుకు ఆ మొక్కలకు మంచి జరగలేదు. ముళ్ళకు ఎలా రాయాలో వెళ్ళి చూపించాలా వద్దా అని వారం నుంచీ కొట్టుకుంటున్నాను. చూపిస్తే ఆ రోజు మడి దగ్గర మీరు నాకు నేర్పిందే నేను ఆవిడకు నేర్పినట్టవుతుంది. చూపించకపోతే రోజుకి మూడు వందల అరవై. ఏం చెయ్యమంటారో రాయండి, తిట్టినా సరే.

నిన్న సాయంత్రం మేనేజరు ఇటువైపు వస్తూ మా గేటు దగ్గర ఆగాడు. "ఏంటమ్మా, అంత మడి చేసి రెండు గడ్డిపోచలు పెట్టుకున్నావు? మొక్కల షెడ్డులో పనిచేస్తూ నీ ఇంటి ముందు ఇంత బోసిగా ఉంటే ఏం బాగుంటుంది? రేపు నాలుగు పూలకాడలు పట్టుకెళ్ళు, గుచ్చుకో" అన్నాడు. మంచికే అన్నాడు.

నేను చేతిలో బొరిగతో లేచి నిలబడ్డాను.

"ఈ ఏడాది పూయవండీ" అన్నాను.

మీ
పిచ్చుక